నీళ్ళు దూరిన దావ

ముక్కు మూసుకునేది కాదు ఫెబా, ముందు దీనికి జవాబు చెప్పు. తలుపులన్నీ మూసి, అద్దాలన్నీ ఎక్కించి, తాళం వేసి నిలబెట్టిన కారు లోపలికి నీళ్ళు ఎట్ల వస్తాయి? నువ్వు చెప్పు జోసెఫ్. "వాన" అంటే సగం మార్కులే. వాన బయట పడింది, లోపలికి ఎట్ల పోయిందీ అని నా ప్రశ్న. ఏందీ? కొండయ్య పైపుతో కొట్టినాడా? అది నీ జవాబు గాదు నాయనా, మీ నాయన జవాబు. పొద్దున ఆఫీసుకు పోతా పోతా గేటు కాడ అన్నాడు గదా, "ఆ కొండయ్య ఇష్టమొచ్చినట్ల పైపు పెట్టి కొట్టి కారంతా కంపు చేసినాడు, సాయంత్రం వచ్చి ఇంగ రావద్దని చెప్పేస్తా" అని. మీరూ విన్నారు, నేనూ విన్నా. కొండయ్య ఒక్కడే వినలేదు, ఆయప్ప అప్పటికే పక్క వీధిలో ఇంకో కారు కడగతాండాడు. కూర్చోండి ఈ మెట్ల మింద. ఆ మ్యాట్లు ఎండేదాకా నాకూ పనిలేదు, మీకూ ఈ పొద్దు బడి లేదు. ఆ చెంబును మాత్రం కాలితో అట్ల దొర్లించద్దు. సొట్టలు పడిన అల్యూమినియం చెంబే గదా అనుకుంటాండావు. అది లింగమ్మ చిన్నమ్మది. ఆ, ఇప్పుడు కాలు దగ్గరికి తీసుకున్నావు, మంచిది.

లింగమ్మ మా అమ్మకు చెల్లెలు, మీకు ముత్తవ్వ వరస. మీరు పుట్టకముందే పోయింది. పొట్టి మనిషి. కుచ్చిళ్ళు ఎగదోపుకోని, మొగోళ్ళ రబ్బరు చెప్పులేసుకోని, పొద్దస్తమానం నీళ్ళల్లో నిలబడేది. కాళ్ళ వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాండె. అప్పట్లో మేము ఆళ్ళగడ్డలో ఉంటిమి. నేను ఆడ హైస్కూల్లో సైన్సు చెప్తాంటి, మీ నాయన కాలేజీకని రోజూ బస్సులో నంద్యాలకు తిరుగుతాండె. చిన్నమ్మ మా ఇంటి వెనక గదిలో ఉండేది. ఫ్రాన్సిస్ అని ఒకాయన బయట రోడ్డు మింద వాటర్ సర్వీసు షెడ్డు పెట్టింటే ఆడ కార్లు కడిగేదానికి పోతాండె. మొదట్లో నవ్విరి జనాలు. "ఏం లింగమ్మా, బర్రెలు కడిగేదానివి, కార్లకు ఎక్కినావే" అని. "బర్రె అయితే తోకతో కొడుతుందప్పా, ఇది మర్యాదగా నిలబడుతుంది" అనేది. షెడ్డుకు ఆనుకోని శిల్పాలు చెక్కేవాళ్ళ పాకలు. మీరు చూసింటారు ఆళ్ళగడ్డలో, రోడ్డు పక్క ముక్కు లేని దేవుళ్ళూ, చెవులు లేని నందులూ వరసగా కూర్చోని ఉంటాయి, పూర్తయ్యేదానికి కాచుకోని. పొద్దున్నించీ ఠకఠకమని ఉలి చప్పుడే. ఆ రాతిపొడి గాలికి లేచొచ్చి కడిగిన కారు మిందనే మల్ల పడేది. ఆ పొడిని గుర్తుపెట్టుకోండి. ప్రయోగం మొదలుపెట్టేముందు సామాన్లన్నీ బల్ల మింద పెట్టుకోవల్ల అని నేను పిల్లోళ్ళకు చెప్తాంటి గదా, ఇప్పుడు అదే చేస్తాండా. చెంబు ఒకటి, రాతిపొడి ఒకటి. ఇంకో రెండు వస్తాయి, ఉండండి.

మా బళ్ళోనే విజయసారథి అని తెలుగు పండితుడు ఒకాయన ఉండె. అహోబిలం వాళ్ళు. వాళ్ళ నాయన రామానుజం గారు పెద్ద చదువరి అంట, నేను చూడలేదు, అప్పటికే పోయినాడు. ఈయన ఆళ్ళగడ్డలోనే ఇల్లు తీసుకోని తల్లిని పెట్టుకోని ఉండె. తల్లి పేరు లక్ష్మీనరసమ్మ. ప్రతి శనివారం పొద్దునే కారులో అహోబిలం పోయొచ్చేది ఆయన అలవాటు, దానికి ముందు శుక్రవారం సందకాడ ఫ్రాన్సిస్ షెడ్డులో కారు కడిగించేది. నీలం కారు. చిన్నమ్మే కడిగేది. ఒక వానాకాలం, ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల కిందటి మాట, శనివారం పొద్దున ఆయన కారు తీసుకోని షెడ్డు కాడికి వచ్చినాడు. నేను చిన్నమ్మకు సద్దిగిన్నె ఇచ్చేదానికి పోయింటి, అందుకే కండ్లారా చూసినా. ఆయన దిగినాడు, చేతిలో ఒక కాయితాల కట్ట. నీళ్ళు కారతాండాయి దాన్నించి. ఎడమ పక్క ముందు సీటు కాడ కాళ్ళు పెట్టేచోట పెట్టినాడంట రాత్రి, పొద్దున ఎవరికో చూపించాలని. మ్యాటు కింద మడుగు. "లింగమ్మా, ఇది మా నాన్నగారి చేతిరాత. అచ్చు వేయలేదు. ఇంకో ప్రతి లేదు" అన్నాడు. అరవలేదు ఆయన. అరిచింటే బాగుండు. "నీళ్ళు కొట్టేటప్పుడు కొంచెం చూసుకోవద్దా అమ్మా" అన్నాడు, అంతే.

ఫ్రాన్సిస్‌కు అది చాలు. "ఎన్నిసార్లు చెప్పినా నీకు, పైపు తెచ్చి అద్దం సందులకు పెట్టి కొట్టద్దని! వయసైపోయింది, కండ్లు కనపడవు, మాట వినవు. పో, ఇంగ రేపటినుంచి రావద్దు" అని గట్టిగా అనేసినాడు. ఎంత గట్టిగా అంటే పక్క పాకల్లో ఉలి చప్పుడు నిలిచిపాయె. పదిమంది చెక్కేవాళ్ళు తలలెత్తి చూస్తాండారు. చిన్నమ్మ చేతిలో గుడ్డ పిండి, తీగ మింద ఆరేసి, అప్పుడు మాట్లాడింది. "రావద్దంటే రానప్పా, షెడ్డు నీది. గానీ తడిపింది నేనంటే మాత్రం ఒప్పుకోను. సామీ, కారు మంగళవారం సందకాడిదాకా ఈడ వదిలిపెట్టు. నీళ్ళు యాడినుంచి దూరినాయో దావ చూపిస్తా. నా పైపు నుంచే అని తేలితే నా అంతట నేనే పోతా, ఈ ఊర్లో మల్ల ఒక్క కారును ముట్టను." ఆయన మంచోడు, సరేనన్నాడు. "ఆ కాయితాలు గూడా ఇయ్యి సామీ" అనింది. తీసుకోని వచ్చి మా వరండాలో తాడు కట్టి, ఒక్కొక్క కాయితం ఊడదీసి, గుడ్డలకు పెట్టే పిన్నులు పెట్టి ఆరేసింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. ఏది పైకో ఏది కిందికో తెలీక సగం కాయితాలు తలకిందులుగా వేలాడినాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తా, వినండి. అవ్వ తప్పు చేస్తాదా అని నోరు తెరవద్దు జోసెఫ్, ఈగ పోతుంది. ఆ మద్దేనం నేను చెప్పినా, "చిన్నమ్మా, ఎందుకొచ్చిన పంతం? ఆయన నాతో పనిచేసే మనిషి. సోమవారం స్టాఫ్ రూములో ఎదురుపడల్ల. పోయి ఒక్కమాట సారీ చెప్పేస్తే పోతుంది. పనిదేముంది, నీకు మా ఇంట్లో కూడుకు కరువా?" అని. తాడు మింద కాయితం సర్దతాండె ఆమె. నా తట్టు తిరిగి చూసింది. "ఏమే టీచరమ్మా, నీ బళ్ళో లెక్క తప్పయింది. చెయ్యని పిల్లోని చేత తప్పయిందని చెప్పిస్తే లెక్క సరిపోతుందా?" అనింది. "కూడు గాదే నాకు కావల్సింది. లింగమ్మ ముట్టుకుంటే కారు చెడిపోతుందనే మాట ఒకసారి ఊర్లో పడితే, దాన్ని ఏ పైపు పెట్టి కడగల్ల?" సైన్సు టీచర్ని నేను. నడుమ రాత్రి పడిన వానను లెక్కలోకే తీసుకోకుండా, శుక్రవారం కడిగినారు, శనివారం తడిసింది, గాబట్టి కడిగినందుకే తడిసింది అని అందరి మాదిరే అనుకున్నా. కోడి కూసినాక తెల్లారింది గాబట్టి కోడి వల్లనే తెల్లారింది అన్నట్ల. పిల్లోళ్ళు అట్ల రాస్తే సున్నా వేసేదాన్ని.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిని, కొంగు దోపుకోని మొదలుపెట్టింది. మొదటి పని, మ్యాట్లు పీకింది. మ్యాటు కింద ఇంకొకటి ఉంటుంది చూసినారా, దుప్పటి మాదిరి మందంగా? పైన మ్యాటు ఎండినా అది ఎండదు, వారం రోజులు నీళ్ళు తాగి పడుకోని ఉంటుంది. వాసన దానిది. దాన్ని గూడా పీకి బండ మిందేసి, రెండు కాళ్ళతో తొక్కి తొక్కి నీళ్ళు పిండింది. ఆ నీళ్ళు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసింది. నీళ్ళల్లో మూడు జాతులు ఉండాయంట కారుకు. రేడియేటరు నీళ్ళయితే జిగటగా జారుతాయి, తియ్య వాసన కొడతాయి. ఏసీ నీళ్ళయితే తేటగా ఉంటాయి, ఏసీ వేస్తేనే వస్తాయి. ఇవి రెండూ గాకుంటే పైనుంచి వచ్చినవి, వానవన్నా కావల్ల, పైపువన్నా కావల్ల. ఇది ఆమెకు ఏ బడీ చెప్పలేదు, తొమ్మిదేండ్లు కార్లు కడిగి తెలుసుకునింది. తర్వాత లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, తలుపులు నాలుగూ తెరిచిపెట్టి ఎండకు వదిలేసింది. "తడి మింద తడి కనపడదే, ముందు ఎండల్ల" అనింది. పంతం ఉండేవాళ్ళకు ఓపిక ఉండదు, ఓపిక ఉండేవాళ్ళకు పంతం ఉండదు. ఆమెకు రెండూ ఉండె.

సోమవారం నన్ను సుద్దముక్క తెమ్మనింది బడి నుంచి. అది మూడో సామాను. తలుపు చుట్టూ నల్ల రబ్బరు ఉంటుంది గదా, దానికంతా సుద్ద రుద్ది, తలుపు మూసి, తెరిచి చూడల్ల. రబ్బరు బాగా కరుచుకోనుంటే అవతల ఇనుము మింద తెల్లగీత పడుతుంది. గీత తెగినచోట సందు ఉన్నట్ల. ఎంత సుళువు చూడండి! నాలుగు తలుపులకూ చేసింది. వెనక ఎడమ తలుపుకు కింద మూల జానెడు గీత పడలేదు. ఫ్రాన్సిస్ ఎగిరి గంతేసినాడు, "దొరికింది లింగమ్మా, రబ్బరు పోయింది, కొత్తది వేయిస్తే సరి" అని. ఆయనకూ లోపల పీకతాండె లే, అంతమంది ముందర ఆడమనిషిని పో అన్నందుకు. చిన్నమ్మ తల ఊపలేదు. "గీత తెగింటే సందు ఉన్నట్ల. నీళ్ళు పోయినట్ల గాదు. పోసి చూడల్ల" అనింది. పాకల్లోకి పోయి రెండు చాటల రాతిపొడి అడిగి తెచ్చి, కారు లోపల నేలంతా, ముగ్గు వేసేముందు నేల చదును చేసినట్ల, సన్నగా చల్లింది. ఒక్క బొట్టు పడినా ఆ పొడి నల్లబడుతుంది, గీత గీసినట్ల దావ కనపడుతుంది. దొంగ కాలిజాడ మాదిరి. ఇంట్లో రాతిపొడి యాడిది? అందుకే పొద్దున నీ పౌడరు డబ్బా ఖాళీ చేసినా ఫెబా. మూతి ముడవద్దు, కొత్తది కొనిస్తాలే.

పైపు పట్టుకోలేదు ఆమె. ఇదో ఈ చెంబు పట్టుకునింది. పైపుతో కొడితే అంతా ఒకేసారి తడుస్తుంది, దొంగ ఏ గోడ దూకినాడో తెలీదు. కింద నుంచి పైకి రావల్ల, ఒక్కోచోట ఒక్కో చెంబు. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు జారి అన్ని సందుల మిందా పోతాయి, లెక్క చెడుతుంది. పోసినాక కాచుకోవల్ల. ఎంతసేపు? గడియారం చూసేది రాదు ఆమెకు. అందుకని ఒక చెంబుకు ఒక కీర్తన. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాడి, అప్పుడు లోపలికి తొంగి చూసేది. ఆమె గొంతు... ఏం చెప్పాల్లే, చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు గాదు. పక్క పాకలో ఒకాయన, "లింగమ్మక్కా, నీళ్ళు దూరింది తెలిసిందా? లేకుంటే ఈ పాటకు నా విగ్రహం లేచి పోయేట్ల ఉండాది" అని అరిచినాడు. "పోతే పోనీ, ముక్కు వంకర పెట్టినావుగా దానికి" అని ఈమె. ఆ వెనక తలుపు మూలకు మూడు చెంబులు, మూడు కీర్తనలు. పొడి తెల్లగా అట్లనే ఉండె. నీళ్ళు సందులో దూరి, దూరినట్లే బయటికి కారిపోతాండాయి. తలుపులు అయినాయి, డిక్కీ అయింది, వెనకద్దం అయింది. సోమవారం పొద్దు కుంకింది. ఏమీ తేలలే. ఫ్రాన్సిస్ పోతా పోతా, "ఇంగ మిగిలింది ముందద్దమే లింగమ్మా. నువ్వు పైపు పెట్టేది గూడా ఆడనే" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోని కూర్చోని, "దెబోరా, ఒకవేళ నేనేనా?" అనింది. నన్ను ఆమె పేరు పెట్టి పిలిచేది తక్కువ. నేను అప్పుడు గూడా, అదే, సారీ చెప్పేస్తే... అని నసిగినా. "నేనే అయితే చెప్తా. ముందు తేలనీ" అని లేచిపోయింది.

మంగళవారం నేను బడి వదలగానే అటే పోయినా. ముందద్దం కింద పోస్తాండాది. ఒక చెంబు, కీర్తన, ఏం లేదు. రెండు, ఏం లేదు. అయిదు, ఆరు. ఫ్రాన్సిస్ చేతులు కట్టుకోని నిలబడినాడు. తొమ్మిదో చెంబుకు నేనే చూసినా, ఎడమ పక్క డ్యాష్‌బోర్డు అడుగునుంచి ఒక సన్నని గీత, చీమలబారు మాదిరి, పొడిలో నల్లగా దిగి వస్తాండాది. "అదిగో! నీ నీళ్ళే లోపలికి పోయినాయి" అన్నాడు ఫ్రాన్సిస్. అయిపోయింది, తేలిపోయింది అనుకున్నా. చిన్నమ్మ చెంబు కింద పెట్టి ఆ గీతనే చూస్తాండాది. "ఉండప్పా. తొమ్మిదో చెంబుకు ఎందుకు వచ్చింది? చిల్లి కుండ అయితే మొదటి చెంబుకే కారల్ల గదా? ఇది చిల్లి గాదు. యాడనో నిండుతాండాది, నిండినాక పొర్లతాండాది" అనింది. చూసినారా ఆ మాట! అద్దం రబ్బరు బాగలేదని అందరూ అద్దం పీకిస్తారు, వేలు పోసి కొత్తది వేయిస్తారు. ఆమె చెంబులు లెక్కపెట్టింది. అంతే తేడా.

గీత మొదలైన చోట తెల్లగుడ్డ అద్ది చూసింది. లేత పసుపు మరక. "తుప్పు లే" అన్నాడు ఫ్రాన్సిస్. చిన్నమ్మకు వక్కాకు అలవాటు, ఎడమ బొటనవేలి గోటి మింద ఎప్పుడూ ఇంత సున్నం ఉంటుంది. అది నాలుగో సామాను. ఆ వేలు తెచ్చి మరక మింద రాసింది. ఎర్రగా అయింది, పారాణి మాదిరి. "తుప్పు ఎర్రబడదప్పా. పసుపు" అనింది. ప్రతి ఏడూ ఏడో తరగతికి పసుపు కాయితం మింద సున్నపు నీళ్ళు వేసి రంగు మారేది చూపించేది నేను. నోరు తెరుచుకోని నిలబడింది గూడా నేనే. కారులో పసుపు యాడిది? చిన్నమ్మ ఒక్క నిమిషం కండ్లు మూసుకునింది. "ప్రతి శుక్రవారం ఈ కారు బానెట్ మింద నాలుగు పసుపు గింజలు అంటుకోని ఉంటాయి. ఏరి పిచ్చుకలకని గోడ మింద పెడతాంటి" అనింది. బానెట్ ఎత్తించింది. ముందద్దం అడుగున, వైపర్లు మొలిచిన చోట, నల్లటి జల్లెడ ఒకటి ఉంటుంది. దాని కింద ఇంటి చూరు తొట్టి మాదిరి ఒక తొట్టి. అద్దం మింద పడిన వాన అందులోకి దిగి, రెండు కొసల్లో రెండు తూములుంటే వాటిలోంచి నేల మిందికి పోతుంది. కారు లోపలికి గాలి పోయే దావ గూడా ఆ తొట్టి నడుమనే. తూములు మూసుకుంటే? ఆ, చెప్పు జోసెఫ్. తొట్టి నిండి, గాలి పోయే దావలో నీళ్ళు పోతాయి. నూటికి నూరు. చిన్నమ్మ జల్లెడ విప్పించి, చెయ్యి దూర్చి, ఎడమ తూములోంచి ఒక ముద్ద లాగింది. ఫ్రాన్సిస్ చూసి, "పులిహోర ముద్దనా?" అన్నాడు. అక్షింతలు. ఏడాది పొడుగునా పడిన అక్షింతలు, తులసి ఆకులు, నానీ నానీ ఉబ్బి ముద్దకట్టినాయి. రెండు గింజలు మొలక వచ్చిందో అన్నట్ల నడుమకు విచ్చినాయి.

సరిగ్గా అప్పుడు ఆటో వచ్చింది. విజయసారథి ఒక్కడే రాలేదు, తల్లిని గూడా తీసుకోని వచ్చినాడు. చిన్నమ్మ గుప్పిట మూసేసింది. నాకు అర్థం కాలే, గెలిచింది గదా, ఎందుకు దాస్తాండాదీ అని. లక్ష్మీనరసమ్మ దిగి, కండ్లద్దాలు సర్దుకోని, "ఏమే లింగమ్మా, దొరికిందా దొంగ?" అనింది. చిన్నమ్మ, "ఆకులు అడ్డం పడినాయమ్మా, తీసేసినా" అని మెల్లగా అనింది. "ఆకులా? మరి కడిగేటప్పుడు తీయవద్దా నువ్వు?" అన్నాడు కొడుకు. అప్పుడూ గుప్పిట తెరవలే ఆమె. పెద్దామె ఆ చేతి తట్టు చూసింది. "నీ వేలికి పారాణి ఏందే? ఇట్ల చూపీ" అని చెయ్యి పట్టుకోని తెరిచింది. చూసింది. తన చేత్తో కలిపిన బియ్యం తనకు తెలీదా? కొడుకు కొండ దావన పోతాండాడని, ప్రతి శనివారం వాకిట్లో నిలబడి, కారు ముందద్దం మింద గుప్పెడు చల్లి పంపిస్తాండె. క్షేమంగా రావల్లని. ఆ క్షేమమే పోయి తూములో కూర్చునింది. ఆమె మొకం చిన్నబోయింది. "మీ నాయన కాయితాలు తడిపింది నేనా సారథీ" అనింది. అప్పుడు చిన్నమ్మ, ఎవరూ అడగలే ఆమెను, అడగకుండానే, "గింజలు నీవమ్మా. గానీ పైపు కొట్టి వాటిని సందులోకి తోసింది నేను గూడా. అద్దం మింద పడినవి అద్దం మిందనే ఉంటాండె. నా తప్పు నా వాటా వరకు ఒప్పుకుంటాండా. ఫ్రాన్సిసూ, మాట ఇచ్చినా గదా, రేపటినుంచి రాను" అనింది.

ఫెబా, నీకు కోపం వచ్చిందా? నాకూ వచ్చింది. నోరు మూసుకోనుంటే ఎవరికి తెలుస్తుంది? గానీ పెద్దామె ఊరుకోలేదు. కొడుకు తట్టు తిరిగి అందుకునింది. "చల్లింది నేను. కడిగింది ఆమె. ముద్ద కట్టేదాకా ఏడాది పాటు ఒక్కనాడు బానెట్ ఎత్తి చూడంది ఎవరు? మీ నాయన చేతిరాతను కాళ్ళు పెట్టేచోట పెట్టింది ఎవరు? పండితుడంట పండితుడు! ఆమె మూడు దినాలు ఎండలో నిలబడి వెతికింది, నువ్వు ఒక్క మాటతో తేల్చేసినావు!" ఆ పొద్దు ఆయనకు నడిరోడ్డులో పడినాయి చూడండి అసలైన అక్షింతలు! పాకల్లోవాళ్ళు మల్ల ఉలి ఆపేసినారు. ఆయన తల వంచుకోని నవ్వినాడు, కండ్లల్లో నీళ్ళు. "తప్పు నాదే లింగమ్మా" అన్నాడు. పెద్దామె, "ఇంగ నేను అక్షింతలు యాడ వెయ్యాలే? వెయ్యకుండా పంపించలేను" అనింది. "బిడ్డ నెత్తిన వెయ్యమ్మా. అద్దం అడుగు బండికి నెత్తి గాదు, గొంతు" అనింది చిన్నమ్మ. పెద్దామె సంతోషంతో సంచిలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి ఈమె మింద వేయబోతే, చిన్నమ్మ రెండడుగులు వెనక్కి దుమికి, "నాకొద్దమ్మా! నాకు యాడ అడ్డం పడతాయో" అనింది. ఇంగ నవ్వులే నవ్వులు.

ఫ్రాన్సిస్ గూడా నవ్వి, "సరేలే, రేపు పొద్దునే రా" అన్నాడు. ఆమె నవ్వడం ఆపేసింది. "రావద్దనే మాట ఎంతమంది ముందర అన్నావో అంతమంది ముందర ఎనక్కి తీసుకో. మెల్లగా నా చెవిలో చెప్తే కుదరదు" అనింది. ఆయప్ప పాకల తట్టు తిరిగి, గొంతు సవరించుకోని, "లింగమ్మ తప్పేం లేదు, రేపటినుంచి వస్తాది" అని అరిచినాడు. "తప్పేం లేదని గాదు, ఉన్నంత ఉందని చెప్పు" అని సరిచేసింది ఈమె. దాని తర్వాత ఆరేండ్లు అదే షెడ్డులో చేసింది. ఆ కాయితాల్లో సగం బతికినాయి. అలుక్కుపోయినచోట ఆయన చదువుతాంటే నేను సెలవుల్లో రాసిచ్చినా, అది నా వాటా. చిన్నమ్మ పోయేముందు... సరే, అది ఇప్పుడెందుకు.

నాలుగు కొట్టింది. మీ నాయన ఆరింటికి వస్తాడు, కొండయ్యను గూడా ఆరింటికే రమ్మన్నాడు. మన కారు మింద అక్షింతలు ఎవరూ చల్లరు. గానీ వద్దంటే వినకుండా దాన్ని రోజూ ఆకులు రాలే ఆ వేపచెట్టు కింద నిలబెట్టేది ఎవరు? కొండయ్యా? చెప్పవేందే? తలుపులకు సుద్ద రుద్దడం అయింది, ఎడమ తూము చూసినా, బాగుండాది. కుడిది మిగిలింది. కొండయ్య పైపు తప్పు గూడా ఉంటే అదీ చెప్తా, ఉన్నంత. జోసెఫ్, ఆ చెంబు నింపుకోని రా. ఫెబా, నువ్వు లోపల కూర్చోని పౌడరు మింద కన్ను పెట్టు, రెప్ప వేయద్దు. పాట నేనే పాడతా, నా గొంతు గూడా ఆమె గొంతే, చెవులు మూసుకుంటే మూసుకోండి. లేయండి, లేయండి, పొద్దు పోతాండాది.